ప్రార్థన గదిలోకి ఫోను ఎంతవరకు రావచ్చు?

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు మందిరాల తలుపులు కూడా మూతపడ్డాయి. ఆ ఏడాది ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే, 12న ఈస్టర్ వచ్చాయి. యేసు సిలువపై పలికిన ఏడు మాటలను ఏడుగురు ప్రసంగీకులు వంతులవారీగా ధ్యానిస్తుండగా మధ్యాహ్నమంతా కూర్చుని వినే అలవాటున్న మన క్రైస్తవ సంఘాలు, ఆ శుక్రవారం నాడు ఎవరి ఇంట్లో వారు చిన్న తెర ముందు కూర్చుని సంఘ కాపరి (పాస్టరు) గొంతు ఒక్కటే విన్నాయి. అంతవరకు టీవీ ప్రసారాలు, యూట్యూబ్ చానెళ్లు పెద్ద సేవకులకు, పెద్ద పరిచర్యలకు సంబంధించినవని అనుకునేవాళ్లం. ఆ కాలంలోనే రేకుల షెడ్డులో నడిచే సంఘానికి కూడా ఒక వాట్సాప్ గ్రూపు, ఒక చానెల్, ఒక ఫోను స్టాండు ఏర్పడ్డాయి. తరువాత మందిరాలు తెరుచుకున్నాయి గాని, ఆ స్టాండు మాత్రం ప్రసంగ వేదిక ఎదుట అలాగే నిలిచిపోయింది.

దానివల్ల కలిగిన మేలును నేను తక్కువ చేసి చూడను. మా ఊరు గోదావరి జిల్లాల్లో ఉంది. ఇక్కడి నుంచీ, కడప ప్రాంతం నుంచీ కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన అక్కచెల్లెళ్లు ఎందరో ఉన్నారు. అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు, ఆదివారం పనిదినం. మనకు ఉదయం పదిన్నరకు ఆరాధన జరుగుతుంటే వారికి ఎనిమిది గంటలు, అంటే యజమాని ఇంట్లో పనితో ఊపిరి సలపని వేళ. శుక్రవారం అక్కడి తెలుగు సంఘాల ఆరాధనకు వెళ్లేందుకు సెలవు దొరికేది కొందరికే. మిగిలినవారు రాత్రి పని ముగిశాక, పడుకోబోయే ముందు, సొంత ఊరి మందిరంలో ఆ ఉదయం పాడిన కీర్తనలను, తమ పిల్లలను పేరుపేరునా తలచి చేసిన ప్రార్థనను చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని వింటారు. పక్షవాతంతో మంచం పట్టిన పెద్దలకూ, రాత్రి డ్యూటీ చేసే నర్సులకూ ఆ రికార్డింగే మందిరం. ఈ కారణంగానే నేను మా సంఘంలో ఫోను, కెమెరా పని చూసే బృందంలో చేరాను, ఇప్పటికీ చేస్తున్నాను.

అయితే ఈ పని గురించి సేవకుల కూడికల్లో జరిగే చర్చ దాదాపు ఎప్పుడూ ఒక్క దిక్కుగానే సాగుతుంది: ఎక్కువ మంది చూడాలంటే ఏం చేయాలి? థంబ్‌నెయిల్ మీద ఏ అక్షరాలు పెట్టాలి, ఏ వేళకు అప్‌లోడ్ చేయాలి, ప్రసంగాన్ని షార్ట్స్‌గా ఎలా కత్తిరించాలి అన్నవే ప్రశ్నలు. యూట్యూబ్‌లో వీడియోల మీద ప్రకటనల ఆదాయం రావాలంటే 1000 మంది సబ్‌స్క్రయిబర్లు, గడచిన 12 నెలల్లో 4000 గంటల వీక్షణ కావాలన్న లెక్క చిన్న సంఘాల్లోని యువకులకు కూడా కంఠతా వచ్చు. ఆ వీడియోలో కనిపిస్తున్న మనిషి ఎవరు, ఆమెను అడిగారా, అది బయటికి వెళితే రేపు ఆమెకు ఏమవుతుంది అన్న ప్రశ్నలు మాత్రం అరుదుగా వినిపిస్తాయి. నా మట్టుకు, సోషల్ మీడియాను సేవలో వివేకంతో వాడటమంటే అన్నిటికన్నా ముందు దేవుడు మనకు అప్పగించిన మనుషుల గుట్టును కాపాడటం. చూసేవారిని పెంచుకోవడం ఆ తరువాతి మాట, కొన్నిసార్లు అసలు అక్కరలేని మాట.

ఈ ఆలోచనకు నన్ను నడిపించింది మార్కు సువార్త 5వ అధ్యాయం. ఒకే అధ్యాయంలో ముగ్గురికి మేలు జరుగుతుంది, ముగ్గురి విషయంలోనూ ప్రభువు వేరువేరుగా ప్రవర్తిస్తాడు. సమాధుల్లో తిరుగుతూ ఉండిన గెరాసేనుల దేశపు మనిషిని, నీ ఇంటివారి దగ్గరకు వెళ్లి ప్రభువు నీకు చేసిన మేలు చెప్పమని పంపుతాడు. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడిన స్త్రీని జనం మధ్యలో నిలిపి, ఆమె నోటితోనే జరిగిందంతా చెప్పనిస్తాడు. అపవిత్రురాలని అంతకాలం దూరం పెట్టిన సమాజం ఎదుటనే ఆమెను కుమారీ అని పిలవడం ఆమెకు అవసరం. సమాజమందిరపు అధికారి యాయీరు కూతురు చనిపోయింది; ఆమె దగ్గరకు వచ్చేసరికి, ఏడ్చేవారినీ గోల చేసేవారినీ బయటికి పంపివేసి, తల్లిదండ్రులనూ పేతురు, యాకోబు, యోహానులనూ మాత్రం లోపలికి తీసుకువెళ్లి, జరిగిన తరువాత ఎవరికీ చెప్పవద్దని గట్టిగా ఆజ్ఞాపించి, ఆ పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమంటాడు. చనిపోయిన బిడ్డ బ్రతకడంకన్నా పెద్ద సాక్ష్యం ఏముంటుంది? అయినా ఆ గది బయట నిలబడిన జనానికి దాన్ని చూసే హక్కు ఉందని ఆయన అనుకోలేదు. పన్నెండేళ్ల పిల్ల కళ్లు తెరిచేసరికి చుట్టూ ఊరంతా ఉండకూడదని ఆయనకు తెలుసు. ఏ మేలును చాటాలి, దేనిని దాచాలి అన్నది ప్రతిసారీ ఆ మేలు పొందిన మనిషిని చూసి తేల్చాడే తప్ప, వినేవారి సంఖ్యను చూసి కాదు.

ఈ కొలతను ముందుగా మన ప్రార్థన గ్రూపుల దగ్గర పెట్టి చూద్దాం, ఎందుకంటే అతి ఎక్కువ హాని అక్కడే, అతి మంచి ఉద్దేశంతో జరుగుతోంది. రాత్రి తొమ్మిదిన్నరకు గ్రూపులో ఒక మెసేజ్ వస్తుంది: వందనాలు, ఫలానా వీధిలో ఉండే ఫలానా సిస్టర్‌కు గర్భసంచిలో గడ్డ, ఫలానా ఆసుపత్రిలో చేర్చారు, భర్త తాగి వచ్చి గొడవ చేస్తున్నాడు, అందరూ భారంతో ప్రార్థించండి. దాని కింద స్కానింగ్ రిపోర్టు ఫోటో, అందులో ఆమె వయసు, ఫోను నంబరు. ఆ వెంటనే ఆమేన్లు, చేతులు జోడించిన బొమ్మలు, రెండు మూడు వాయిస్ ప్రార్థనలు. ప్రార్థించేవారి ప్రేమను నేను శంకించను. అయితే ఆ గ్రూపులో ఉన్న మూడు వందల మందిలో ఆ సిస్టర్ ఆడపడుచు ఉంది, ఆమె కూతురు చదివే కాలేజీ లెక్చరర్ ఉన్నాడు, ఎప్పుడో ఊరు విడిచి వెళ్లిపోయినా గ్రూపులోంచి పోని మనుషులున్నారు. నలుగురు పెద్దలు మోకరించి దేవునితో చెప్పవలసిన మాట తెల్లవారేసరికి రచ్చబండ మీదికి చేరింది. దేవుడు వినడానికి ఆమె స్కానింగ్ రిపోర్టు అక్కరలేదు. ఒక సహోదరి ఆరోగ్యం కోసం ప్రార్థించండి అన్న ఒక్క వాక్యం ఆయనకు చాలు, మనకూ చాలాలి.

మా సంఘంలో ఈ విషయం మీద అందరినీ ఆలోచింపజేసిన సందర్భం ఒకటి ఉంది. ఒక ఉపవాస కూడికలో సాక్ష్యం చెప్పడానికి ఒక అమ్మగారు లేచారు. మాట మొదలుపెట్టబోతూ స్టాండు మీద వెలుగుతున్న ఫోనును చూసి ఆగిపోయారు. కొంగు సర్దుకుని, కాపరి వైపు తిరిగి, "అయ్యగారూ, ఇది మన మధ్య ఉండే మాటండి, అందులోకి వెళ్తే మా పిల్ల సంబంధం చెడిపోద్దండి" అన్నారు. కాపరి వేదిక దిగి వచ్చి, తన భుజం మీది కండువా తీసి ఆ ఫోను మీద కప్పి, "అమ్మా, ఇప్పుడు చెప్పండి" అన్నారు. లైవ్ ఆపమని మాకు సైగ చేశారు, మేము ఆపేశాం. ఆమె చెప్పింది ఇక్కడ రాయను. ఆ రోజు అక్కడ ఉన్న ముప్పై, నలభై మంది ఆమెతో కలిసి ఏడ్చారు, ఆమె చేయి పట్టుకున్నారు. ఆ సాక్ష్యం వేలమంది చూడకపోవడం వల్ల దేవుని మహిమకు ఏ లోటూ జరగలేదని అక్కడున్న ప్రతి ఒక్కరూ చెప్పగలరు.

సంబంధం చెడిపోతుందన్న ఆమె భయం ఒట్టి భయం కాదని మనందరికీ తెలుసు. మానసిక వ్యాధి, మూర్ఛ, గర్భం నిలవకపోవడం, భర్త వదిలివేయడం: వీటిలో ఏ ఒక్కటి ఇంటిపేరుతో సహా బయటపడినా దాని వెల ఆ ఇంటి ఆడపిల్లలు చెల్లిస్తారు. హెచ్ఐవీ విషయంలోనైతే చట్టమే స్పష్టంగా ఉంది. నమ్మకంతో చెప్పిన వ్యక్తి హెచ్ఐవీ స్థితిని ఆ వ్యక్తి సమ్మతి లేకుండా మరొకరికి వెల్లడించకూడదని 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. కాపరి దగ్గర చెప్పుకున్న మాటకన్నా నమ్మకంతో చెప్పిన మాట ఏముంటుంది? ఆ మాట గ్రూపులో ప్రార్థన అంశంగా మారితే చట్టం దృష్టిలో కూడా తప్పే, చట్టం లేకపోయినా తప్పే.

స్వస్థత సాక్ష్యాల వీడియోల గురించి ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. దేవుడు స్వస్థపరుస్తాడని నేను నమ్ముతాను, మా ఇంట్లోనే చూశాను. కాని ప్రార్థన చేయించుకున్న మరుసటి వారమే కెమెరా ముందు నిలబెట్టి, మందులు మానేశాను అని చెప్పించి, దాన్ని యూట్యూబ్‌లో పెట్టడం ప్రమాదకరమైన పని. ఆ మనిషికి క్షయ ఉందనుకుందాం. మందులు కనీసం ఆరు నెలలు వాడాలి; మొదటి కొన్ని వారాల్లోనే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, నయమైనట్టే అనిపిస్తుంది; అక్కడ మానేస్తే జబ్బు మందులకు లొంగని రూపంలో తిరగబెట్టవచ్చు. ఆ వీడియోను ఇంకెక్కడో చూసిన షుగరు రోగి, మూర్ఛ రోగి తమ మాత్రలు కూడా పక్కన పెడితే వారిని పరామర్శించడానికి మనం వెళ్లలేం, వారెవరో కూడా మనకు తెలియదు. మార్కు 1వ అధ్యాయంలో కుష్ఠరోగిని శుద్ధునిగా చేసిన తరువాత ప్రభువు అతనితో చెప్పిన మాటల్లో ఇవి రెండు: ఎవరితోనూ ఏమీ చెప్పకు, వెళ్లి యాజకునికి కనబరచుకో. మోషే ధర్మశాస్త్రం ప్రకారం కుష్ఠం పోయిందో లేదో పరీక్షించి నిర్ధారించే అధికారం యాజకునిదే. అంటే ప్రభువు తాను చేసిన స్వస్థతను కూడా పరీక్షకు పంపాడు. ఆ మనిషి మాట వినక ఊరంతా చాటాడు, దాంతో యేసు పట్టణంలోకి బహిరంగంగా వెళ్లలేని పరిస్థితి వచ్చిందని మార్కు రాశాడు. సంతోషంతో చాటిన నిజమైన సాక్ష్యం కూడా సేవకు అడ్డం కాగలదని ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? డాక్టరు చూసి చెప్పేదాకా, ఆ పైన కొన్ని నెలలు గడిచేదాకా ఆగితే సాక్ష్యం బలపడుతుందే గాని చల్లారిపోదు.

బాప్తిస్మం ఫోటోలు ఇంకో సంగతి. తెల్లని బట్టలతో నీళ్లలోంచి లేస్తున్న మనిషి ముఖం చూస్తే మన కళ్లు చెమరుస్తాయి, వెంటనే ఫేస్‌బుక్‌లో పెట్టాలనిపిస్తుంది. కాని ఆ అమ్మాయి తన తండ్రికి ఇంకా చెప్పి ఉండకపోవచ్చు. పైగా ఆమె ఎస్సీ అయితే కాగితాల చిక్కు కూడా ఉంది: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే వర్తిస్తుంది. క్రైస్తవులైన ఎస్సీలను మన తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సీ వర్గంలో చేర్చారు. ఆ ఉత్తర్వులోని న్యాయాన్యాయాల మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, కాని ఇక్కడ చెప్పదలచింది అది కాదు. తన చదువు, ఉద్యోగం, కాగితాలు, ఇంటివారితో సంబంధం, వీటన్నిటినీ తూచుకుని, విశ్వాసాన్ని ఎప్పుడు ఎవరి ఎదుట ఒప్పుకోవాలన్నది ఆ మనిషి దేవుని ఎదుట తానే తీసుకోవలసిన నిర్ణయం. ఆ నిర్ణయాన్ని కాపరి ఫోను తీసుకోకూడదు. సౌదీలో పనిచేసే మన సహోదరుల విషయంలో ఇది మరీ ముఖ్యం. అక్కడ ఇతర మతాలవారు బహిరంగంగా ఆరాధన చేసుకోవడానికి అనుమతి లేదు. గదిలో నలుగురు కూర్చుని ప్రార్థించుకున్న ఫోటోను వారు ప్రేమతో మనకు పంపితే, మనం పేర్లతో సహా ట్యాగ్ చేసి అల్ ఖోబార్‌లో దేవుని కార్యం అని పెడితే, ఉద్యోగం పోగొట్టుకునేది మనం కాదు.

క్రిస్మస్ దగ్గరపడగానే చీరలు, దుప్పట్లు పంచే ఫోటోలు మొదలవుతాయి. వరుసగా నిలబడ్డ విధవరాండ్రు, చీర ఒక చివర దాత చేతిలో, మరో చివర ఆమె చేతిలో, ఇద్దరూ కెమెరా వైపు చూడాలి. ఆమె తల దించుకుంటే, "అమ్మా, ఇటు చూడండి" అని ఇంకోసారి తీస్తారు. ధర్మం చేసేటప్పుడు కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటను మనం ఎన్నో ప్రసంగాల్లో విన్నాం, ఎన్నోసార్లు చెప్పాం. అక్కడ ఇచ్చేవాడి ఆత్మను గురించి హెచ్చరిక ఉంది. తీసుకునేవారి గౌరవం గురించిన చింత కూడా అందులో ఉందని నేను చదువుతాను. పిల్లల విషయంలో చట్టం కూడా మాట్లాడుతుంది. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, ఫోటో వంటి గుర్తింపు వివరాలను ప్రచురించడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం నిషేధిస్తోంది. అనాథ పిల్లల గృహం ఫోటోలను పేర్లతో, వారి తల్లిదండ్రులకు ఏమైందో వివరిస్తూ పోస్టు చేసే సేవకులు దీన్ని తప్పక తెలుసుకోవాలి. ఆ పిల్లవాడు ఇరవై ఏళ్లవాడై ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఎవరో ఆ పాత పోస్టు వెతికి తీస్తే ఏమని చెప్పుకుంటాడు?

ఫార్వర్డుల గురించి ఒక్క ఉదాహరణతో సరిపెడతాను. అఫ్గానిస్తాన్‌లో మిషనరీలకు రేపే మరణశిక్ష అమలు చేయబోతున్నారు, వెంటనే ప్రార్థించి అందరికీ పంపండి అన్న మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. కొన్నింటిలో 22 అని, కొన్నింటిలో 229 అని ఉంటుంది. తేదీ మాత్రం ఎప్పుడూ రేపే. ఇది ఏళ్ల తరబడి ప్రపంచమంతా తిరుగుతున్న అబద్ధపు వార్త. దాని వెనుక నీడలా నిజమైన దుఃఖం ఒకటి ఉంది: 2007 జూలైలో దక్షిణ కొరియా సంఘానికి చెందిన 23 మందిని అఫ్గానిస్తాన్‌లో తాలిబాన్లు బందీలుగా పట్టుకున్నారు, వారిలో ఇద్దరిని చంపారు, మిగిలిన 21 మందిని ఆగస్టు ముగిసేలోగా విడుదల చేశారు. చనిపోయినవారికి కన్నీరు కార్చిన కుటుంబాలున్నాయి. లేని మరణశిక్ష కోసం ఇన్నేళ్లుగా మనం గ్రూపుల్లో చేతులు జోడిస్తుంటే, నిజంగా శ్రమపడుతున్న వారి వార్త వచ్చిన రోజున దాన్ని కూడా జనం నమ్మరు. వాట్సాప్ చాలాసార్లు ఫార్వర్డు అయిన మెసేజ్ మీద జంట బాణాల గుర్తు చూపిస్తోంది, 2020 నుంచి దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. ఆ గుర్తు కనిపిస్తే ఆగి, ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు చెప్పారు అని చూసుకోవడానికి పట్టేది రెండు నిమిషాలు. సత్యాన్ని ప్రకటించేవారికి ఈ రెండు నిమిషాల ఓపిక ఉండాలి.

మరొకరి మతాన్ని కించపరిచే వీడియోలు, తోటి సేవకుని బోధను థంబ్‌నెయిల్ మీద ఎర్ర గుర్తు పెట్టి చీల్చి చెండాడే వీడియోలు: వీటి మీద ఎక్కువ రాయాలని లేదు. మత భావాలను దురుద్దేశంతో అవమానిస్తే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు ఉంది. అయితే జైలు భయంతో మానవలసిన పని కాదిది. పక్కింటి హిందూ కుటుంబం మన ఇంట పెళ్లికి వచ్చి భోజనం చేసి వెళుతుంది, వారి దేవుడిని తిట్టిన వీడియో కింద ఆమేన్ అని మన పేరు కనిపిస్తే ఏ ముఖంతో వారికి సువార్త చెబుతాం? తోటి సేవకుడు తప్పు బోధిస్తే ముందు అతనితో ఒంటరిగా మాట్లాడమని మత్తయి 18వ అధ్యాయం చెబుతోంది. లైవ్ పెట్టి మాట్లాడమని ఎక్కడా లేదు.

ఇన్‌బాక్సులో జరిగే పరిచర్య గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గాని, ఎక్కువ జాగ్రత్త కావలసిన చోటు అదే. వాక్యం నచ్చిన యువతి రాత్రి పదకొండు గంటలకు తన బాధ రాస్తుంది, సేవకుడు ఓదార్పు మాట రాస్తాడు, మరుసటి రాత్రి మళ్లీ. ఇద్దరి మనసులోనూ చెడు లేనప్పుడు కూడా ఇది మంచి దారి కాదు. కాపరి ఇంటికి ఒంటరిగా వచ్చిన ఆడపిల్లతో తలుపు వేసుకుని మాట్లాడకూడదని మన పెద్దలకు తెలుసు, వెంటనే పాస్టరమ్మగారిని పిలిచేవారు. ఫోనులో కూడా అదే పద్ధతి పాటించాలి: ఆ సంభాషణలోకి పాస్టరమ్మగారినో, పెద్ద వయసు సహోదరినో చేర్చి, ఇకపై మీరు వీరితో మాట్లాడండి అని చెప్పాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే తల్లిదండ్రులకు తెలియకుండా ఒక్క మెసేజ్ కూడా ఉండకూడదు. ఈ విషయంలో నేను ఏ మినహాయింపునూ అంగీకరించను.

కండువా కప్పిన ఆ రోజు తరువాత మా పెద్దలు కూర్చుని కొన్ని ఏర్పాట్లు చేశారు. కెమెరా ఇప్పుడు సంఘం వెనుక నుంచి వేదికను మాత్రమే చూపుతుంది, కూర్చున్నవారి ముఖాలు రావు. వాక్యం ముగియగానే లైవ్ ముగుస్తుంది. సాక్ష్యాలు, ప్రార్థన మనవులు ఆ తరువాతే. పెద్ద గ్రూపులో ప్రకటనలు, వాక్య భాగాలు మాత్రమే ఉంటాయి, అడ్మిన్లే పంపుతారు. ప్రార్థన మనవులు ఒక చిన్న బృందానికి వెళతాయి, ఆడవారివి పాస్టరమ్మగారి దగ్గరకు వెళతాయి, ఆ చాట్లలో వారం రోజులకు మెసేజ్‌లు వాటంతట అవే పోయేలా పెట్టాం. సాక్ష్యాన్ని చానెల్‌లో పెట్టాలంటే ఆ మనిషి ఇంటికి వెళ్లి నెమ్మదిగా కూర్చుని ఆలోచించుకున్నాకే అడుగుతాం, ఎందుకంటే కూడికలో అందరి ఎదుట కాపరి అడిగితే కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు. ఎవరైనా, ఎన్నేళ్ల తరువాతైనా, ఆ వీడియో తీసేయమంటే కారణం అడగకుండా తీసేస్తాం. మొదట్లో, ముఖాలు కనిపించకపోతే ఎవరు చూస్తారని మా యువకులు నొచ్చుకున్నారు. చూసేవారు కొంత తగ్గిన మాట నిజమే. కువైట్ నుంచి వినే అక్కచెల్లెళ్లు మాత్రం తగ్గలేదు.

అన్నిటికన్నా కష్టమైనది దాతల విషయం. సముద్రం అవతల ఉన్న మనవాళ్లు ప్రేమతో డబ్బు పంపుతామంటారు, దానికి ఫోటోలు అడుగుతారు, అడగడంలో తప్పు కూడా లేదు, ఎందుకంటే ఫోటోలే లేని మోసాలు ఎన్నో జరిగాయి. (ఇక్కడొక మాట: మన తెలుగువారే అయినా, అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపే డబ్బు విదేశీ విరాళం కిందికే వస్తుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు గాని ముందస్తు అనుమతి గాని లేని సంఘం దాన్ని తీసుకోకూడదు, పోస్టు కింద క్యూఆర్ కోడ్ పెట్టేముందు ఇది చూసుకోవాలి.) అందుకని మేము ఫోటోకు బదులు లెక్క పంపుతున్నాం: దుప్పట్ల బిల్లు, ఎన్ని పంచామన్న సంఖ్య, పెద్దలు ముగ్గురి సంతకాలతో ఒక ఉత్తరం. అందుకున్నవారి సంతకాల పుస్తకం మందిరంలో ఉంటుంది. ఏ దాత అయినా ఊరికి వచ్చినప్పుడు చూడవచ్చు, ఆ ఇళ్లకు వెళ్లి టీ తాగి రావచ్చు. చాలామంది దీనికి సంతోషించారు. గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక పెద్దాయన మాత్రం, ఒక్క గ్రూప్ ఫోటో పంపితే చాలు, మా గ్రూపులో పెడితే ఇంకో నలుగురు ముందుకొస్తారు అని మళ్లీ మళ్లీ అడిగారు. ఆయన మాట నిజమే అయి ఉండవచ్చు. మా పెద్దలు మర్యాదగా కాదన్నారు, ఆ ఏడాది ఆయన కానుక రాలేదు. దుప్పట్లు సగం దాకా తగ్గాయి. కొన్ని కుటుంబాలు తమ ఇళ్లలో క్రిస్మస్ బట్టలు తగ్గించుకుని కొంత సర్దాయి, మిగిలినవి సంక్రాంతి తరువాత కొని, చీకటి పడ్డాక ఇద్దరు ముగ్గురు సహోదరీలు ఇంటింటికీ తీసుకువెళ్లి ఇచ్చి వచ్చారు.